మెత్తటి ముక్కలు

"పిట్ట ముడ్తలేదేందే?" రాజవ్వ మళ్లీ అడిగింది.

కొడుకు శుభమ్ పోయి మూడోరోజు. వలస వచ్చిన కామత్‌ఘర్‌ బస్తీలో ఆ ఇంటి స్లాబు మీద, వాడి పేర పిట్టకు పెట్టిన విస్తరి వెల్లుల్లి, వెన్న వాసనతో గుప్పుమంటోంది. కాకులు మాత్రం పిట్టగోడ దిగడం లేదు.

"వాడు తెచ్చిపెట్టిన గా ఫారిన్ కేజన్ మసాలనే ఏసిన. వీడియోల ఉన్నట్టే మటన్ చిన్నచిన్నగ కోసిన. బతికుండంగ చెయ్యవే అని ఎంబడివడితే, గీ వెన్న కూర ఎవలు తింటరురా అని కసిరిన. గందుకే అలిగిండు నా కొడుకు."

కూతురు ప్రాజక్త తలెత్తలేదు. "అన్న అలగలేదమ్మా. గది అన్న కోసం గాదు."

"మరెవలికే?"

"నీకే. పండ్లు ఊడినకాడికెల్లి మాకు ముక్కలేసి, నువ్వు ఉత్త షోర్వతోని తింటున్నవ్ గద. గిట్ల మెత్తగ చేస్తే అమ్మ గూడ ముక్క తింటదన్నడు."

పిట్ట ముట్టనిదే ఎవరూ ముట్టకూడని విస్తరిలోంచి రాజవ్వ ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. నమలాల్సిన పనే లేకుండా అది విడిపోయింది.

మింగడమే ఆమె వల్ల కాలేదు.