సూపు కూర్చున్న సీటు

“ఆ కుండకి టిక్కెట్టు కొన్నారామ్మా?”

డ్రైవరు ఓడ్‌వార్ నవ్వుతూనే అడిగాడు.

తురిడ్ నవ్వలేదు. పక్క సీట్లో ఉన్ని దుప్పటి చుట్టిన కుండ. దానికి కట్టిన సీటుబెల్టు ఇంకాస్త బిగించింది.

“వేడి వేడి చేపల సూపండీ. ఒళ్ళో పెట్టుకుంటే ఒలుకుతుంది,” అంది.

బస్సంతా నిండింది. మిగిలింది ఆ ఒక్క సీటే.

మెట్టు మీద పసుపు జాకెట్టు మనిషి నిలబడి ఉన్నాడు. గడ్డంలో మంచు పేరుకుంది. బూట్ల నిండా మట్టీ ఇసుకా.

“కొండపైదాకానే. ఇలా తలుపు దగ్గర నిలబడతాను,” అన్నాడు.

“ఈ రోడ్డులో ఎవర్నీ నిలబెట్టి తీసుకెళ్ళకూడదు పెద్దాయనా. అసలు డ్రైవరుకి జ్వరమొస్తే బదులుగా వచ్చాను. నా ఉద్యోగానికి ఎసరు పెట్టకు.”

ఆ మనిషి కుండవైపు చూశాడు. తర్వాత తురిడ్ వైపు చూశాడు. సీటు ఇమ్మని మాత్రం అడగలేదు. ఆ వైపు ఊళ్ళలో ఎవరూ అలా అడగరు. పక్క సీట్లో సామాను పెట్టుకున్నారంటే, ఇటు రావద్దని చెప్పినట్టే.

“పైకి చేరడం కొంచెం అవసరం,” అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

“అందరికీ అవసరమేనండి,” అంది తురిడ్.

“మనుషుల్ని దించేసి సూపుని మోసుకెళ్తున్నాం. కానివ్వండి,” అని వెనకసీటు ముసలాయన కిసుక్కున నవ్వాడు. అతనూ లేచి సీటివ్వలేదు.

తురిడ్‌కి నిజంగానే అవసరం. సముద్రపు పాయకు అవతల, ఆస్పత్రిలో తల్లి ఉంది.

“చేతులు చల్లబడిపోతున్నాయే. మనింటి సూపు, వేడిగా, ఒక్క గుక్క తెచ్చిపెట్టు,” అని నిన్న ఫోన్లో అడిగింది.

ఆలస్యం చెయ్యొద్దని నర్సు చెప్పింది. కొండ దాటితే పడవ. మధ్యాహ్నం పడవ తప్పితే మళ్ళీ సాయంత్రమే.

“సరే, నడుస్తాను,” అన్నాడు ఆ మనిషి. దిగుతూ డ్రైవరు వైపు తిరిగాడు. “కురిసిన వాన కురిసినట్టే గడ్డకట్టింది. పై మలుపు అద్దంలా ఉంటుంది. కాసేపాగి బయల్దేరకూడదూ?”

“నేనాగితే పడవ ఆగుతుందా?”

ఆయన ఇంకేదో చెప్పబోయాడు. తలుపు మూసుకుంది.

తురిడ్ బడిలో సైన్సు టీచరు. ఉన్ని వేడిని పుట్టించదు, ఉన్న వేడిని పోనివ్వదు అని ఏటా పిల్లలకి చెబుతుంది. ఆ పాఠమే పొద్దున ఇంట్లో తన చేతులతో చేసింది. కుండకి వార్తాపత్రికలు, వాటి మీద దుప్పటి. అమ్మ మూత తీసేసరికి ఆవిరి రావాలి.

పై మలుపులో ఇంజను అరిచింది. చక్రాలు గిర్రున తిరిగాయి. బస్సు కదల్లేదు.

తర్వాత కదిలింది. వెనక్కి.

బస్సు తీరిగ్గా, ఎవరో లాగుతున్నట్టు జారి, రోడ్డంచు ఇనుప కంచెకి ఆనుకుని ఆగింది. కంచె అవతల ఏమీ లేదు. చాలా కింద నీళ్ళున్నాయి.

“ఇంత పెద్ద ఇంజనుంది. గట్టిగా తొక్కవయ్యా,” అన్నాడు ముసలాయన.

“ఇంజనుకి బలం ఉంటే చాలదండీ. చక్రానికి నేల పట్టు దొరకాలి,” అంది తురిడ్. “మంచు మీద నీటిపొర ఉంది. ఎంత తొక్కితే అంత జారుతుంది.”

“బాగా చెప్పావు తల్లీ. మరి కదిలించు.”

రాపిడి పాఠంలో ఉంది. రోడ్డు మీద లేదు.

ఓడ్‌వార్ చక్రాలకి వేసే గొలుసులు పట్టుకుని దిగాడు. రెండడుగులేసి చతికిలబడ్డాడు. పాక్కుంటూ వచ్చి మెట్టు పట్టుకున్నాడు.

“నా కాలే నిలవడం లేదు. ఎవరూ దిగకండి. పైనుంచి ఇసుక చల్లుకుంటూ వస్తే తప్ప ఇక్కణ్ణించి కదలం.”

రోడ్ల ఆఫీసుకి ఫోను చేశాడు. కలవలేదు. మళ్ళీ చేశాడు.

కొండవతల పడవ కూత వేసింది.

తురిడ్ దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చింది. కుండ గోరువెచ్చగా ఉంది. వేడి ఎప్పుడూ చల్లటి వైపుకే పోతుంది. ఇన్నేళ్ళుగా బల్లకి ఆనుకుని తాపీగా చెప్పిన మాట. ఇవాళ ఆ మాటకి భయం వేసింది.

ఫోను మోగింది. నర్సు.

“ఎక్కడిదాకా వచ్చారమ్మా? సూపు వచ్చిందా, సూపు వచ్చిందా అని పొద్దున్నుంచీ అడిగారు.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు అడగడం లేదు. చేతులు నేనే పట్టుకుని కూర్చున్నాను. మీరు రండి.”

“వస్తున్నా,” అంది తురిడ్. బస్సు అక్కడే ఉంది.

ఆమె బెల్టు విప్పి, కుండ తీసి ఒళ్ళో పెట్టుకుంది. రెండు చేతులా కావలించుకుంది. ఆ ఏటవాలు బస్సులో కూడా చుక్క ఒలకలేదు. పక్క సీటు ఖాళీగా ఉంది.

అప్పటికి ఓడ్‌వార్ ఫోను కలిసింది. అందరికీ వినపడాలని స్పీకరు పెట్టాడు.

“ఇసుక బండి కొండపైనే సిద్ధంగా ఉందండీ,” అంది అవతలి గొంతు. “నడిపే ఆయనే ఇంకా చేరలేదు. కారు స్టార్టు కాలేదట, మీ బస్సెక్కి వస్తానని పొద్దున చెప్పాడు. ఆయన ఫోనుకి సిగ్నలు లేదు. పసుపు జాకెట్టు వేసుకుని అక్కడే కూర్చుని ఉంటాడు, ఒకసారి ఆయనకివ్వండి.”