అమరం చెక్క

పడవలు బాగుచేసే ఇస్సాకు స్క్రూడ్రైవరు ఇలా గుచ్చాడో లేదో, అలా పిడి దాకా దిగిపోయింది.

"ఏం మిగల్లేదు బాబాయ్. పైకి ఫైబరు నిగనిగలాడతందిగానీ, లోపల చెక్కంతా నానిన అటుకులే," అంటూ గుప్పెడు నల్లటి పొట్టు బయటికి తీశాడు.

రామకోటి ఆ పొట్టుని వేళ్లతో నలిపాడు. కుళ్లింది ఆయన పడవ వెనకవైపు ఇంజను బిగించే చెక్క. అమరం చెక్క అంటారు. వేట నిషేధానికి ముందు, ఆఖరి వేటలో, నడిసముద్రంలో అదే ఫెళ్లున విరిగింది. ఇంజను తాడు మీద వేలాడింది, పడవలోకి నీళ్లు ఎగదన్నాయి. పక్క ఊరి బోటువాళ్లు చూడబట్టి ప్రాణాలతో నిజాంపట్నం ఒడ్డున పడ్డాడుగానీ, లేకపోతే ఈపాటికి ఆయన ఫొటోకి దండ పడేది.

గట్టు మీద కొంగు బిగించి నిలబడ్డ మంగాయమ్మ ఆ పొట్టు చూసి భగ్గుమంది.

"ఇస్సాకూ, నాకొక్కటే చెప్పు. ఇది ఎవరివల్ల కుళ్లింది? చెక్క అమ్మినోడా, బిగించినోడా? మా ఆయన్ని చంపబోయినోళ్లని ఏడేడు జన్మలకీ క్షమించను!"

"చెక్కన్నాక కుళ్లదేంటే? నువ్వూరుకో," అన్నాడు రామకోటి.

"నిన్నడగలా. సంగతి తేలేదాకా నువ్వీ పడవెక్కావంటే నా మీద ఒట్టే," అని విసవిసా ఇంటికెళ్లింది, అన్నం తేవడానికి.

మంగాయమ్మ ఒట్టు వేసిందంటే వేసిందే. వేట తప్ప మరో పని చేతకాని మనిషి రామకోటి.

ఇస్సాకు లోపలి ఫైబరు కోసి, చెక్కను తొలుచుకుంటూ పోయాడు. కాసేపటికి ఆగి తల గోక్కున్నాడు.

"బాబాయ్, ఉప్పునీళ్లకి చెక్క ఇంత తొందరగా పోదు. ఉప్పు కాపాడుద్ది. ఇది మంచినీళ్ల పని. అదిగో, చెక్క నెత్తిన పగుల్లోంచీ బోల్టు సందుల్లోంచీ దిగినాయి. ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ పడ్డాయి."

నీళ్లు దిగిన ఆ నల్లటి చారని రామకోటి పైనుంచి కింది దాకా వేలితో తడిమాడు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏంటి బాబాయ్, అట్టా అయిపోయావ్?"

"నువ్వేం మాట్లాడమాక. మీ పిన్నికి నేను చెప్తా."

మంగాయమ్మ క్యారేజీ దించగానే ఆయనే అందుకున్నాడు. "వాననీళ్లేనే. తప్పు నాదే. టార్పాలిన్ కప్పలేదు."

"కప్పలేదా! రోజూ కప్పానన్నావ్?"

"అబద్ధం చెప్పా. రేపల్లెలో పేకాటకి కూర్చుంటే ఇంకేం గుర్తుంటది?"

ఇస్సాకు గట్టు మీద అతుకులేసి మడతపెట్టిన టార్పాలిన్ వంకా, రామకోటి వంకా మార్చి మార్చి చూశాడు.

"నా నెత్తిన చెయ్యేసి చెప్పు," అంది మంగాయమ్మ.

ఎత్తిన చెయ్యి సగంలో ఆగింది. ఆయన దాన్ని తన నెత్తినే పెట్టుకున్నాడు. "నా తప్పేనే మంగా. ఈ ఒక్కసారికి ఒదిలెయ్."

దొంగ దొరికాక ఆవిడ జన్మల లెక్క వదిలేసి తిట్లకు దిగింది. పేట పేటంతా విన్నారు. ఆ పూట చేపల పులుసు ఇస్సాకుకి వడ్డించి, మొగుడికి మజ్జిగ పోసింది. ఆయన తలొంచుకుని రెండు ముద్దలు తినేసరికి ఆవిడకి మనసాగలేదు పాపం, తలకాయ ముక్క తెచ్చి పళ్లెంలో పడేసింది. "తిని చావు," అంటూ కళ్లు తుడుచుకుంది.

మర్నాడు తెనాలి నుంచి రేపల్లె రైల్లో, పడవలకి వాడే మెరైన్ ప్లైవుడ్ దిగింది. ఇస్సాకు కుళ్లంతా తీసేసి, లోపల ఎండబెట్టి, ప్లైవుడ్ పలకలు రెండు ఎపాక్సీ జిగురుతో అతికించి బిగించాడు. దాని మీద ఫైబరు గ్లాసు గుడ్డ పరిచి, ఎపాక్సీ పూసి, రోలరుతో గాలి బుడగలు నొక్కేశాడు. మళ్లీ గుడ్డ, మళ్లీ ఎపాక్సీ. రామకోటి పక్కన కూర్చుని ప్రాణం తోడేశాడు.

"నెత్తిన ఇంకో వరస వెయ్యరా."

"నాలుగేశా బాబాయ్!"

"ఇంకోటెయ్. మరి బోల్టు చిల్లులో?"

"పెద్దగా పొడిచి, ఎపాక్సీతో పూడ్చేసి, గట్టిపడ్డాక దాని నడిమధ్యన మళ్లీ పొడుస్తా. నీళ్లు దిగినా ఎపాక్సీకే తగులుద్ది, చెక్కకి తగల్దు."

"పైనించి ఎంత పడ్డా?"

"తుఫానొచ్చినా సరే. టార్పాలిన్ కప్పుకుంటే ఇంత అక్కర్లేదు బాబాయ్."

"నా సంగతి తెలుసుగా. కప్పను. నువ్వెయ్యి."

ఇస్సాకుకి ఒళ్లు మండింది. చావు తప్పించుకొచ్చినా బుద్ధి రాలేదనుకుంటూ అయిదో వరస వేశాడు.

నిషేధం ఎత్తేసిన రోజు తెల్లారగానే రేవంతా తిరునాళ్లలా ఉంది. మంగాయమ్మ కొత్త చెక్కను పిడికిలితో గుద్ది చూసింది. ఖంగున మోగింది. అప్పటికిగానీ ఆవిడ ముఖం విచ్చుకోలేదు.

"ఒట్టు తీసి గట్టున పెట్టా. ఎక్కు. పేకాడావని తెలిసిందో, ఈసారి నేనే ముంచుతా!"

"అట్టాగేలేవే," అన్నాడు రామకోటి, నవ్వాపుకోలేక.

ఆవిడ పడవకి కుంకం పెట్టి, నిమ్మకాయ కట్టింది. తర్వాత ఇత్తడి బిందె భుజానికెత్తుకుని వెనక్కి వెళ్లి, కళ్లు మూసుకుని, బిందెడు పసుపునీళ్లూ అమరం చెక్క నెత్తిన గుమ్మరించింది.

"గంగమ్మ తల్లీ, తీసుకెళ్లినోణ్ణి తీసుకెళ్లినట్టు తెచ్చి నాకప్పగించు!"

నీళ్లు చెక్క మీంచి జారి నేలపాలయ్యాయి. ఇస్సాకు చూపు చెక్క నెత్తిన తాను వేసిన అయిదో వరస మీద ఆగింది. మెల్లగా రామకోటి దగ్గరికి జరిగాడు.

"బాబాయ్... పిన్ని ఇట్టా పొయ్యటం ఈ ఒక్కరోజేనా?"

రామకోటి అతని చెయ్యి గట్టిగా నొక్కి, గొంతు బాగా తగ్గించాడు.

"పడవ కొన్న కాణ్ణించీ ప్రతి శుక్రవారం పోస్తందిరా."