చుక్కల లెక్క

బెల్లు మోగగానే చేపలాయన తలుపు తీసి ఒంటికాలి మీద లేచాడు.

“పదింటికి రమ్మంటే పదింబావుకా వచ్చేది? రేపట్నించి నాలుగు రోజులు కొళాయి రాదు. ఇవాళ డ్రమ్ము నిండకపోతే ఏడు తొట్లలో చేపలూ చస్తాయి. ఆ పాపం నీదా, నిన్ను పంపిన షాపువాడిదా?”

గుమ్మంలో నిలబడ్డతను ఏదో అనడానికి నోరు తెరిచాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది. చేపలాయన వేలు అతని ముక్కుకి అంగుళం దూరంలో ఆడుతోంది. అతని చూపు ఆ వేలు దాటి, హాల్లో నేల మీద నిలిచిన నీళ్ళ దగ్గర ఆగింది. నోరు మూసుకున్నాడు. కాగితం జేబులో పెట్టుకున్నాడు.

“ఖాళీ చేతుల్తో వచ్చావేం? సామాన్లేవి?”

“కిందున్నాయి. తెస్తాను.”

ఐదు నిమిషాల్లో పనిముట్ల పెట్టెతో వచ్చాడు.

ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో పద్ధతి ఒకటే. బాత్రూం కొళాయికి గొట్టం తగిలించి తొట్టిలో వేయడం, ఫోను మోగగానే ఆ సంగతి మర్చిపోవడం.

“నిండుకుండ తొణకదంటారు. ఈయన తొట్లు వారానికి నాలుగుసార్లు పొర్లుతాయి,” అంది ఆయన భార్య వంటింట్లోంచి. “తుడిచి తుడిచి నా నడుం పడిపోయింది.”

“నువ్వూరుకో!”

ఇకమీదట ఆ బాధ లేదు. షాపువాడు నిన్ననే దింపివెళ్ళిన రెండొందల లీటర్ల నీలం డ్రమ్ము. అందులో మునిగే చిన్న మోటారు. గోడ వెంట పైపు. తొట్టికొక కొళాయి. డ్రమ్ములో నీళ్ళు ఒకరోజు నిలవుంటే బ్లీచింగ్ వాసన పోతుంది. ఆ తర్వాత స్విచ్చి నొక్కడమే.

“డ్రమ్ము వెనక గదిలో, ఆ మూల పెట్టు.”

“అక్కడొద్దు.”

“ఏం?”

“నిండితే రెండొందల కిలోల పైమాటే. కింద...” అని ఆగాడు.

“కిందేముంది?”

“స్లాబుంది.”

“స్లాబుండక సముద్రముంటుందా?”

అతను డ్రమ్మును తనే దొర్లించుకెళ్ళి బాత్రూం గోడవారగా నిలబెట్టాడు. చేపలాయన కేకలు గోడలకే వినిపించాయి.

డ్రమ్ములోకి నీళ్ళొచ్చేచోట తేలే బంతి బిగించాడు. నిండగానే ధార దానంతటదే ఆగిపోతుంది. అక్కడితో ఊరుకోకుండా డ్రమ్ము పై అంచుకి కన్నం పెట్టి, పొర్లే నీళ్ళు పోవడానికి ఇంకో పైపు బాత్రూంలోకి వదిలాడు.

“బంతి ఉందిగా! మళ్ళీ ఇదెందుకు?”

“బంతిని నమ్మను.”

“నేను లేనా చూసుకోడానికి?”

“మిమ్మల్ని అసలు నమ్మను.”

వంటింట్లో ఎవరో నవ్వు ఆపుకున్నారు. చేపలాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. అంతలో హాల్లో ఫోను మోగింది.

“షాపువాడే అయ్యుంటాడు. నీ సంగతి నీ ఎదురుగానే చెప్తా ఉండు.”

“పైపు వదలకండి! పడుతుంది.”

వదల్లేదు. ఫోను మోగి మోగి ఊరుకుంది. కోపం మాత్రం ఊరుకోలేదు.

“అసలు ఈ బిల్డింగే దిక్కుమాలింది. పైవాళ్ళ పిల్లలు నెత్తిన గంతులేస్తారు. వాచ్‌మన్‌ని పిలిస్తే పలకడు. ఎవడో పనిలేనివాడు తలుపు సందులోంచి చీటీలు తోస్తాడు. ఇప్పటికి ఐదు!”

“ఏం రాశారు?”

“చదివితే కదా! నేల మీద తడి అద్దడానికి పనికొచ్చాయి.”

స్పానర్ పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆ నట్టును అవసరానికి మించి రెండు చుట్లు బిగించాడు.

మధ్యాహ్నానికి డ్రమ్ము నిండింది. ధార ఆగింది. స్విచ్చి నొక్కితే ఏడు కొళాయిల్లోనూ నీళ్ళొచ్చాయి. చేపలాయన మొహం వెలిగింది.

“అయిపోయిందిగా. ఇక బయల్దేరు.”

“కాలేదు.”

పాత పేపర్లు అడిగి తీసుకున్నాడు. ప్రతి అతుకు కిందా ఒక్కొక్కటి పరిచాడు. గోడకి ఆనుకుని కూర్చుని ఆవలించాడు.

“కూలి షాపులోనే కట్టేశాను. నువ్వెంతసేపు కూర్చున్నా నా దగ్గర పైసా రాలదు.”

“నాకేం ఇవ్వక్కర్లేదు.”

గంటకి మూడో కొళాయి కింద పేపరు మీద రూపాయి బిళ్ళంత తడి కనిపించింది. అతను ఆ అతుకు మొత్తం ఊడదీశాడు.

“ఒక్క చుక్కకి ఇంత రాద్ధాంతమా?”

అతను గిర్రున తిరిగాడు. పొద్దుట్నుంచి గొంతు పెంచనివాడు అప్పుడు పెంచాడు.

“ఒక్క చుక్కే! మీరెప్పుడైనా చుక్కలు లెక్కపెట్టారా?”

“నాకేం పనిలేదనుకున్నావా?”

అతుకు మళ్ళీ వేశాడు. మళ్ళీ పేపరు పరిచాడు. మళ్ళీ గంట కూర్చున్నాడు. ఈసారి పేపరు పొడిగానే ఉంది. అయినా నేల మీద బోర్లా పడుకుని అరచేత్తో పలకల సందులు తడిమి చూశాకే లేచాడు.

“కాస్త టీ తాగి వెళ్ళు బాబూ,” అంది ఆయన భార్య.

“వద్దమ్మా. నిద్రొస్తోంది.”

చేపలాయన గుమ్మం దాకా వెంటపడ్డాడు. “పొద్దుట్నుంచి మూడు చెరువుల నీళ్ళు తాగించావు. మళ్ళీ ఈ గుమ్మం తొక్కావంటే ఊరుకోను.”

“చుక్క పడితే వస్తాను.”

“పిలవకుండానే?”

“పిలవకుండానే.”

తలుపు అతని మొహం మీదే ధడాలున మూసుకుంది.

అతను ఒక్క అంతస్తు దిగి, సరిగ్గా ఆ ఇంటి కిందున్న ఇంటికి తన తాళంచెవితో తలుపు తీసుకుని, జేబులోని ఆరో చీటీ చింపేసి, రెండు నెలలుగా మంచం నడిమధ్య కూర్చున్న బకెట్టును తీసి కింద పెట్టాడు.