పెదాల మీది కూత

ఇప్పుడు ఊళ్లో పిల్లలందరికీ చదువు ఇంట్లోనే, గోడ మీదే. ఆటలూ అంతే. పద్నాలుగేళ్ల ఇందుమతి ఇన్నాళ్లూ గోడలోంచి దిగివచ్చే వెలుగు మనుషులతోనే కబడ్డీ ఆడింది. నిజం పిల్లలతో మైదానంలో ఆడటం ఈరోజే మొదలు. మండలం జట్టులో ఇంకొక్క చోటే మిగిలింది. అది తనకే కావాలి.

గీత దాటి వెళ్లి, ఒకమ్మాయిని తాకి, చటుక్కున వెనక్కి వచ్చేసింది.

"అవుట్!" అన్నారు జట్టుని ఎంపిక చేస్తున్న సత్యం మాస్టారు. "ఏటే పిల్లా, కూతేదీ?"

"పెట్టాను కదండీ!"

"మరి నాకినబడలేదేటి?"

ఇందుమతి తెల్లబోయింది. పక్కగదిలో అమ్మ పనికి అడ్డమని ఇంట్లో ఎప్పుడూ పెదాలతోనే కూత పెట్టేది. గోడ ఆ పెదాలు చూసి ఒప్పేసుకునేది.

చూడ్డానికొచ్చిన నాయనమ్మ పైడమ్మ కేకేసింది. "ఓలమ్మో! నోట్లో ముద్దెట్టుకున్నావేటే? గట్టిగా అరవే!"

పిల్లలంతా గొల్లుమన్నారు.

"సరే, ఇంకొక్కసారి. ఇదే ఆఖరు," అన్నారు మాస్టారు.

ఈసారి ఇందుమతి గుండెల నిండా గాలి పీల్చి "కబడ్డీ కబడ్డీ" అంటూ దూకింది. తన గొంతు అంత పెద్దదని తనకే తెలియదు. ఒకమ్మాయి వచ్చి ఇందుమతి కాలు పట్టేసింది. వెలుగు మనుషులెవరూ అలా పట్టుకోలేదు. ఆ చెయ్యి వేడిగా, చెమటగా, మట్టిమట్టిగా ఉంది. తన్నుకొచ్చిన నవ్వుని కూతలోనే కలిపేసి, ఆ పిల్లని కూడా ఈడ్చుకుంటూ వచ్చి గీత మీద పడింది.

"పాయింటు! జట్టులో ఉన్నావు, ఇంక ఆపవే తల్లీ!"

ఆపితేనా! లేచి, మళ్లీ గాలి పీల్చుకుని, కూత పెడుతూనే మైదానమంతా పరుగెత్తింది. కాలు పట్టిన పిల్ల వెనకాలే, తక్కినవాళ్లు ఆమె వెనకాల, అందరూ గొంతులెత్తి.