ఆ ఏటి పంట

బల్ల మీద ఆ సీసా పెట్టగానే సెలెస్తినో పాడుతున్న పాట ఆపేశాడు.

తెచ్చినవాడు కాబోయే వియ్యంకుడు, అబుందియో. కొండ మీది పెద్ద తోటలో తయారయ్యే ఎర్ర వైన్‌ని ఏళ్ల తరబడి సాల్తా పట్నానికి లారీలో తోలిన మనిషి. చనిపోయిన ఆ తోట దొర తన చేత్తో ఇచ్చిన సీసా అది. కొడుకు రామిరోకి పెళ్లి కుదిరిన రోజున తెరవాలని ఇన్నేళ్లూ మంచం కింద దాచాడు.

“ఆ ఏటి పంట, బావగారూ!” సీసా మీది దుమ్ముని చొక్కా చేతితో తుడిచాడు. “మా రామిరో పుట్టిన ఏడు. మన కల్చాకీ లోయలో ఇలాంటిది ఇంకొక్క సీసా చూపించండి, మీసం తీసేసుకుంటా.”

ముంగిట్లో ద్రాక్ష పందిరి కింద రెండు కుటుంబాలూ కూర్చున్నాయి. నిప్పుల మీద మేకపిల్ల కాలుతోంది. అప్పటిదాకా అందరికంటే హుషారుగా ఉన్నవాడు సెలెస్తినోయే. బుగ్గన కిళ్లీలా కోకా ఆకు పెట్టుకుని, పక్కింటివాళ్లు పంపిన వైన్ రెండు గ్లాసులు తాగి, పాట కూడా ఎత్తుకున్నాడు.

బిరడా ఊడింది. అందరూ ఆహా అన్నారు. సెలెస్తినో కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

చిక్కటి వైన్. నలుపు తిరిగిన ఎరుపు. గ్లాసు గోడకి జిగురులా పట్టుకుని నెమ్మదిగా కిందికి జారుతోంది. తాగినవాళ్ల పెదాలు ఊదారంగు తిరిగాయి. పెళ్లికొడుకు మేనత్త నాలుకతో పళ్లు నాక్కుంటోంది. అబుందియో అయితే గ్లాసు అడుగున పేరుకున్న మడ్డిని వేలితో తీసి చప్పరించాడు.

సెలెస్తినో మొహం తిప్పుకున్నాడు.

“మీరు ఆ తోటలో వైన్ పులిసే తొట్ల దగ్గరే కదా పనిచేసింది,” అన్నాడు అబుందియో. “ఆ ఏడు ఏం మంత్రం వేశారయ్యా? ముందు ఏడు ఇంత రుచి లేదు, తర్వాతా లేదు.”

“నాకేం తెలుసు? ఎండ బాగా కాసింది.”

“ఎండా! ఈ కొండల్లో ఎండ కాయనిది ఎప్పుడండీ?”

అందరూ ఘొల్లున నవ్వారు. అబుందియో గ్లాసు నిండా పోసి సెలెస్తినో చేతిలో పెట్టాడు.

సెలెస్తినో లేచి నిలబడ్డాడు. తాగేముందు పచమామకి, ఆ భూతల్లికి, ఒక చుక్క వదలడం వాళ్ల ఆచారం. సెలెస్తినో చుక్క వదల్లేదు. గ్లాసు మొత్తం నేల మీదికి వంచేశాడు. మెల్లగా, ఆఖరి బొట్టు దాకా.

పక్కన కూర్చున్నవాళ్లు కాళ్లు వెనక్కి లాక్కున్నారు.

“తల్లికి చుక్క చాలండీ. గ్లాసంతా పోస్తే ఆవిడకీ కైపెక్కుతుంది,” అన్నాడు అబుందియో. మాట సరసమే కానీ గొంతులో సరసం లేదు. గ్లాసు మళ్లీ నింపాడు.

“నాకొద్దు.”

“ఏం? విషం కలిపానా?”

“అసహ్యం నాకు,” అన్నాడు సెలెస్తినో. “చూస్తేనే డోకొస్తోంది. అవతలికి తీసెయ్యండి.”

అతని భార్య దెల్ఫినా తల కొట్టుకుంది. “ఆ తోట పేరెత్తితే చాలు ఇదే వరస, అన్నయ్యగారూ. ఆ ఏడే మా మరిది కొండ మీంచి జారి పోయాడు, ఆ ఏడే ఈయన పని మానేసి ఇంటికొచ్చేశాడు. దొరతో ఏం గొడవపడ్డాడో నాకూ చెప్పడు. చచ్చినవాడి మీద ఇంకా ఏం కక్షయ్యా నీకు?”

అబుందియో టోపీ అందుకుని నెత్తిన పెట్టుకున్నాడు.

“కక్ష దొర మీదయితే వెళ్లి దొర సమాధి మీద ఉమ్మండి. నా సీసా మీద కాదు. మా మర్యాద చూస్తే డోకొచ్చే ఇంటి నుంచి మాకు పిల్ల అక్కర్లేదు. లేవరా రామిరో!”

రామిరో లేవలేదు. పెళ్లికూతురు నిల్దా వైపు చూశాడు. నిల్దా వచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది. మొహం ఎర్రబడి ఉంది. ఏడుపో కోపమో ఆ పిల్లకే తెలియడం లేదు.

“నాన్నా, ఒక్క గుక్క. నా కోసం.”

సెలెస్తినో కూతురి మొహంలోకి చాలాసేపు చూశాడు. గ్లాసు అందుకున్నాడు. కళ్లు మూసుకుని, పిల్లాడు కషాయం తాగినట్టు గటగటా మింగేశాడు.

“బాగుంది,” అన్నాడు.

చప్పట్లు మోగాయి. అబుందియో అతన్ని వాటేసుకుని వీపు చరిచాడు. “అలా రండి దారికి!” అన్నాడు. డప్పు అందుకున్నారు. మేకపిల్లని కోసి పళ్లేల్లో వడ్డించారు. పెళ్లి నిలబడింది.

కాసేపటికి చూస్తే సెలెస్తినో కుర్చీ ఖాళీగా ఉంది. నిల్దా వెతుక్కుంటూ ఇంటి వెనక్కి వెళ్లింది.

మేకల దొడ్డి గోడ పట్టుకుని వంగి ఉన్నాడు తండ్రి. కాళ్ల దగ్గర ఎర్రటి మడుగు. అప్పటికే ఈగలు ముసిరాయి. కక్కడానికి ఇంకేమీ మిగల్లేదు. అయినా గొంతులో వేళ్లు పెట్టుకుంటూనే ఉన్నాడు.

“ఛీ!” నిల్దా శాలువా అంచుతో ముక్కు మూసుకుంది. “ఇంత పంతమేంటి నాన్నా? లోయంతా కళ్లకద్దుకుని తాగేదాన్ని ఇలా కక్కి పోస్తావా? వాళ్లు చూస్తే ఏమనుకుంటారు?”

“చూడరులే. మట్టి కప్పేస్తాను.”

మోకాళ్ల మీద కూర్చున్నాడు. దోసిళ్లతో మట్టి తీసి ఆ మడుగు మీద పోశాడు. ఈగల్ని తోలాడు. ఎక్కడా ఎరుపు కనబడకుండా అరచేత్తో చదును చేశాడు. తర్వాత టోపీ తీసి పక్కన పెట్టి, తల వంచుకుని అలాగే ఉండిపోయాడు.

నిల్దా చేయి ముక్కు మీంచి జారింది. ఎందుకో భయం వేసింది.

“నాన్నా, ఏముంది అందులో?”

“కొండ మీంచి జారిపడి పోయాడని అందరికీ నేను చెప్పిన మీ బాబాయి శవాన్ని ఆ ఏడు ఆ వైన్ తొట్టిలోంచే బయటికి లాగాను తల్లీ, దొర ఆ తొట్టిని పారబోయనివ్వలేదు.”