సోమవారం సాక్షి

శనివారం పొద్దున ఆమోసు చూసేసరికి తన చేపల కొట్టు తలుపుకి ఒక గూడబాతుని మేకులతో కొట్టి పెట్టారు. రెక్కకొక మేకు. ఇంకా ప్రాణం ఉంది.

ఆమోసు సుత్తి తెచ్చి మేకులు పీకాడు. అతని అత్తగారు దేవకుమారి పక్షి మెడని ఒక్క తిప్పుతో విరిచి, దాని బాధ తప్పించి, బకెట్‌లో వేసింది.

"ఎవరు నాయనా ఇది?"

"ఇంకెవరు అత్తయ్యా? కార్వర్ మనుషులే. మండే రోజు మణి కోర్ట్‌కి వెళ్ళకూడదని."

పోర్ట్ సెలీన్ టెక్సస్ తీరంలో చిన్న రేవు. ఒకప్పుడు ఓడలకి పత్తి బేళ్ళు ఎత్తిన ఊరు. ఎప్పుడో తుఫాను వచ్చి గోదాములని ఊడ్చుకుపోయింది. ఇక రొయ్యల పడవలే మిగిలాయి. ఏటా ఒక ఆదివారం వాటికి రంగు కాగితాలు కట్టి, రేవులో వరసగా నిలబెట్టి, చర్చి ఫాదర్ చేత దీవెన నీళ్ళు చల్లిస్తారు. యుద్ధం ముగిశాక వియత్నాం వాళ్ళు కొందరు వచ్చి పడవలు కొనుక్కున్నారు. 1981లో వాళ్ళ పడవ కూడా ఒకటి ఆ దీవెన వరసలో నిలబడింది.

తమ వేటకి పోటీ వచ్చారని కక్ష పట్టిన కార్వర్ పక్క పడవలోంచి దాని మీదకి దూకాడు. ఇనప కడ్డీతో పడవ యజమాని తల మీద నాలుగు దెబ్బలు వేశాడు. పట్టపగలు. రేవు గోడ మీద రెండొందల మంది జనం. బ్యాండు మేళం కూడా ఆగలేదు.

ఆ రెండొందల మందిలో చూశానన్నది ఒక్క మణి. ఆమోసు భార్య, రేవు ఆసుపత్రిలో నర్సు. చితికిన తలని ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి ఆగేదాకా కూర్చున్నది కూడా ఆమే.

అప్పటినుంచి ఫోన్లు. "ఆ నర్సు కోర్టు మెట్లు ఎక్కితే దిగేది శవమే." ఒక వారం కారు అద్దాలు పగిలాయి. ఆ పై వారం వంటింటి కిటికీలోంచి తుపాకి గుండు వచ్చి గోడలో దిగింది.

ఆమోసు ట్రక్కు తాళాలు తీశాడు.

"ఐస్ పికప్ చేసుకుని వచ్చేస్తాను. ట్వంటీ మినిట్స్. మణి నైట్ డ్యూటీ చేసి లోపల పడుకుంది, లేపకండి. ఎవడైనా మణి అంటూ వస్తే గట్టిగా అరవండి. పక్క షాప్ వాళ్ళు పోలీస్‌కి కాల్ చేస్తారు."

"అరవడం ఎందుకు? ఇది లేదూ?" దేవకుమారి చేపలు కోసే కత్తి ఎత్తి చూపించింది.

"ఇది ఉప్పాడ కాదు అత్తయ్యా. ఇక్కడ అందరి దగ్గరా గన్స్ ఉంటాయి."

"ఉప్పాడలో మాత్రం మగాళ్ళు పూలు పట్టుకు తిరుగుతారేంటి? వెళ్ళు, ఎండెక్కితే ఐసు కరుగుద్ది."

దేవకుమారి అమెరికా వచ్చి నెల అయింది. ఉప్పాడలో నలభై ఏళ్ళు చేపలు కోసి, అమ్మి, కూతుర్ని నర్సు చేసిన మనిషి. ఊరికే కూర్చోలేక ఇక్కడా అదే పని పట్టుకుంది. బేరాలన్నీ అల్లుడివే. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు ఎస్, నో, థాంక్యూ.

ట్రక్కు మలుపు తిరిగిందో లేదో, ఒకడు లోపలికి వచ్చాడు. ముక్కు మీదకి రుమాలు. చేతిలో పిస్తోలు.

"మణి!" అన్నాడు.

చేప కోస్తున్న దేవకుమారి కత్తి ఆగింది.

"నో."

"మణి! మణి!" బల్ల మీద గుద్దాడు.

"నో మణి. ఇక్కడ లేదు. ఫో!"

వాడు బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. బల్ల వెనకే తెర. తెర వెనక మంచం. మంచం మీద కూతురు.

ఆవిడ అడ్డం నిలబడింది. వాడు జుట్టు పట్టి పక్కకి ఈడ్చాడు. అంతే, కత్తి వాడి బొడ్డు కింద దిగి రొమ్ము దాకా వచ్చింది. చేప పొట్ట చీల్చినట్టే. పిస్తోలు పేలింది. రొయ్యల తొట్టి అద్దం బద్దలై ఉప్పునీళ్ళు, బతికున్న రొయ్యలు నేలంతా పరుచుకున్నాయి.

"నా కూతురు కావాలా నీకు?"

రెండో పోటు పక్కటెముకల్లో. వాడు మోకాళ్ళ మీద కూలాడు. పిస్తోలు వదిలేసి రెండు చేతులూ పైకెత్తాడు. రుమాలు జారింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఏదో అనబోయాడు.

మూడోది మెడలో.

మణి నిద్ర బట్టలతో పరుగెత్తుకొచ్చింది. రెండు అరచేతులతో వాడి మెడ నొక్కి పట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు ఎగజిమ్మింది. కాసేపటికి అదే ఆగింది.

ఆమోసూ పోలీసు డిప్యూటీ ఒకేసారి వచ్చారు. డిప్యూటీ శవం మొహం తిప్పి చూశాడు. ఈ ఊళ్ళో ఎప్పుడూ చూడలేదన్నాడు.

"బయటి నుంచి పిలిపించి ఉంటారు సర్," అన్నాడు ఆమోసు. అత్తగారి భుజాల చుట్టూ దుప్పటి కప్పాడు. "అత్తయ్యా, మీరు లేకపోతే ఈపాటికి మణి లేదు."

"కన్నదాన్ని. నేను కాక ఇంకెవరు అడ్డం పడతారు?" అందావిడ.

డిప్యూటీ పుస్తకం తీసి మణితో అన్నాడు, వాడు లోపలికి వచ్చి ఏమన్నాడో మీ అమ్మని అడుగు, ఉన్న మాట ఉన్నట్టు కావాలి అని.

మణి తెలుగులో అడిగింది.

"ఏమంటాడు? నీ పేరేనే. వచ్చిన దగ్గర్నుంచీ అదొక్కటే మాట. మణి, మణి అని. లేదని చెప్పినా వింటేనా!"

మణి డిప్యూటీ వైపు తిరిగింది. ఆ మాట ఇంగ్లీషులో చెప్పబోయింది. బల్ల మీది గల్లాపెట్టె కంటబడింది.

ఆ ఊళ్ళో అందరికీ ఆమె నర్స్ మేరీ, మణి అంటే వాళ్ళకి తెలిసింది ఒక్క డబ్బే.