గోడవతల రెండు దెబ్బలు

గోడ మీద మళ్లీ రెండు దెబ్బలు పడ్డాయి.

పోస్టుమాన్ గబుక్కున మోటారు వేగం తగ్గించాడు.

ఉద్యోగమంతా ఊళ్లోవాళ్ల తలుపులు కొట్టి రిటైరైన మనిషి ఆయన. తన గోడ మీద ఎవరైనా కొడితే మాత్రం తప్పు చేసినవాడిలా ఒదిగిపోయేవాడు.

గోడకి అవతల గదిలో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటోంది. మెట్ల దగ్గర ఎదురుపడితే తలాడిస్తుంది, అంతే.

ఇవతల ఈయనా ఒంటరే. భార్య పోయిన కొన్నాళ్లకి ఆవిడ గోడగడియారం కూడా ఆగిపోయింది. లోపలి ఇత్తడి చక్రానికి పళ్లు అరిగిపోయాయి.

"ఈ చక్రం ఎక్కడా దొరకదండీ. కొత్త గడియారం కొనుక్కోండి" అన్నాడు రిపేరు చేసేవాడు.

కొనుక్కోవచ్చు. కానీ రోజూ పొద్దున్నే భార్య ఆ గడియారానికి కీ ఇచ్చే చప్పుడుతోనే ఆయన నిద్రలేచేవాడు. ఇప్పుడు తెల్లవారుతోందంటేనే దిగులు. ఆ గడియారం మళ్లీ టిక్కుటిక్కుమంటే చాలు, ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టే.

అందుకే బల్ల మీద పట్టే చిన్న మిల్లింగ్ మిషన్ కొన్నాడు. గిర్రున తిరిగే కట్టర్ కిందికి లోహాన్ని నెడితే అది కొంచెం కొంచెంగా చెక్కుతుంది. ముందు చెక్క మీద, తర్వాత అల్యూమినియం మీద సాధన చేశాడు. కట్టర్ ఒక్కటీ విరగలేదు. తన హస్తవాసి అలాంటిదని లోలోపల మురిసిపోయాడు కూడా.

ఇక ఇత్తడి చక్రం చెయ్యడమే మిగిలింది.

వచ్చిన చిక్కల్లా చప్పుడుతోనే. మోటారు దోమలా కీచుమంటుంది. కట్టర్ లోతుగా దిగితే మూలుగుతుంది. మూలిగినప్పుడల్లా గోడ మీద టక్, టక్.

ఆవిడ ఎంత తిట్టుకుంటోందో ఏమో అనుకుని ఆయన షాపుకి బయల్దేరాడు.

"మోటారుకి స్పీడ్ కంట్రోలర్ కావాలి. చప్పుడు లేనిది."

షాపాయన రెండు పెట్టెలు ముందు పెట్టాడు.

"ఇది మీ దగ్గరున్నదాని లాంటిదే గురువుగారూ. కీచుమంటుంది. బరువు పడితే స్పీడు పడిపోతుంది."

"మరి ఇదో?"

"ఇది కిక్కురుమనదు. ఎంత బరువు పడినా స్పీడు తగ్గనివ్వదు. మోటారు కష్టపడుతున్న సంగతే మీకు తెలియదు."

"అదే ఇవ్వు."

"ఇంట్లోవాళ్లు గొడవ చేస్తున్నారా?"

"ఇంట్లో గొడవ చేసేవాళ్లే ఉంటే ఇంతదాకా ఎందుకొస్తానయ్యా" అన్నాడు పోస్టుమాన్.

కొత్తది బిగించాక, మిషన్ తిరుగుతోందో లేదో కళ్లతో చూస్తే తప్ప తెలియలేదు. గోడా మాట్లాడలేదు.

తర్వాత ఒకరోజు మెట్ల దగ్గర పెద్దావిడ ఆగింది.

"మిషన్ ఆపేశారా?"

"లేదండీ, నడుస్తూనే ఉంది. కొత్త కంట్రోలర్ వేశాను. ఇక మీకు ఆ గోల ఉండదు. ఇన్నాళ్లూ ఇబ్బంది పెట్టాను, ఏమీ అనుకోకండి."

ఆవిడ కాసేపు ఆయన చేతులకేసి చూసింది.

"జాగ్రత్త బాబూ" అని నెమ్మదిగా వెళ్లిపోయింది.

అంత శ్రమపడితే ఒక్క మంచిమాట అనలేదే అని ఆయన మనసు కాస్త చివుక్కుమంది.

ఆ వారమే కట్టర్ విరిగింది. సగం పళ్లు చెక్కిన చక్రం పాడైంది. ఇంకో చక్రం మొదలుపెట్టాడు. అదీ అంతే. మోటారు కిక్కురుమనకుండా నెట్టుకుపోతోంది, కట్టర్ చెప్పాపెట్టకుండా పుటుక్కుమంటోంది. హస్తవాసి ఏమైపోయిందో అర్థం కాలేదు.

విచిత్రమేమిటంటే, ఆయనకి ఆ రెండు దెబ్బల మీద బెంగ మొదలైంది. భార్య పోయాక తను ఏం చేస్తున్నాడో పట్టించుకున్న మనిషి గోడవతల ఆవిడ ఒక్కతే. తిట్టుకుంటేనేం, వింటూ ఉండేది.

ఉండబట్టలేక ఒక ఉదయం పాత కంట్రోలరే మళ్లీ బిగించాడు. కావాలని కట్టర్‌ని లోతుగా దింపాడు. మోటారు మూలిగింది. చెవి గోడకేసి పెట్టి చూశాడు.

గోడ పలకలేదు.

ఇంకాస్త దింపాడు. కట్టర్ విరిగింది.

బయటికొచ్చి చూస్తే పక్క గది తలుపు తీసి ఉంది. లోపల ఒకమ్మాయి సామాను మూటలు కడుతోంది.

"ఆవిడేరమ్మా?"

"మా పెద్దమ్మండీ. ఇక్కడ నాకేం తోచడం లేదు, వచ్చి తీసుకెళ్లమంది. తీసుకెళ్లాను. ఎన్నాళ్లో లేదు. నిద్రలోనే పోయింది."

ఆయన గుమ్మం పట్టుకున్నాడు.

"నా మిషన్ చప్పుడుతో ఆవిడని బాగా విసిగించానమ్మా. పాపం, గోడ మీద కొడుతూనే ఉండేది. రెండేసి దెబ్బలు."

ఆ అమ్మాయి చేతులు మూట మీదే ఆగిపోయాయి.

"రెండు దెబ్బలా? మీది మిల్లింగ్ మిషనా బాబాయిగారూ?"

"అవునమ్మా."

"పెద్దమ్మ ఫ్యాక్టరీలో కొత్తవాళ్లకి ఆ పనే నేర్పేది. ఆ హోరులో మాట వినపడదు కదా. ఎవరి మోటారైనా మూలిగితే, కట్టర్ విరక్కముందే వేగం తగ్గించమని బల్ల మీద రెండు దెబ్బలు కొట్టేది."

పోస్టుమాన్ ఆ గోడకేసి చూశాడు.

"ఫోన్ చేసినప్పుడల్లా, 'కొత్తగా ఒకడు చేరాడే, చెయ్యి మంచిదే, కాస్త తొందరెక్కువ, నేర్పుతున్నాను' అంటుంటే, పెద్దమ్మకి మతి తప్పిందనుకున్నాం బాబాయిగారూ" అంది ఆ అమ్మాయి.